లైట్ల కంప్యూటరు, మా పెద్దత్త నాటుపాట

ఆ రోజుల్లో కంప్యూటర్ లోపల ఏముంటుందో నాకు తెలియదు, బయటికి ఎన్ని రంగుల్లో వెలుగుతుందో మాత్రం బాగా తెలుసు. (ఇప్పుడు కామారెడ్డిలో సొంత రికార్డింగ్ స్టూడియో నడుపుతూ నలుగురికీ సలహాలిచ్చే మనిషి ఈ మాట చెప్పకూడదు. అయినా చెబుతాను.) డిగ్రీ అయిపోయి ఎల్లారెడ్డిలో ఇంటిపట్టున ఉన్న నాకు పాటలు రికార్డు చేయాలనే పిచ్చి పట్టింది. కంప్యూటర్ కొనడానికి మా బాపును (నాన్నను) బతిమాలీ బతిమాలీ ఒప్పించాను గానీ, ఆయన షరతు పెట్టాడు. "నాట్లు షురువయ్యేలోపు ఒక్క పాట మంచిగ చేసి వినిపియ్యి. లేకుంటే ఆ డబ్బ అమ్మేసి నా ఎంబడి పొలానికి రావాలె. మల్ల పాట గీట అనొద్దు." బాపు మాటంటే మాటే. ఆయన ముందు బేరాలు నడవవు.

కామారెడ్డిలో కంప్యూటర్లు అమ్మే ఆయన్ని మా జట్టంతా లైట్లన్న అనేవాళ్లం. "పాటలకా తమ్మీ? గయితే గిది తీస్కపో. గేములాడే పోరగాండ్లందరు గిదే కొంటున్నరు. గ్రాఫిక్స్ కార్డు మస్తు గట్టిది" అని ఒక అద్దాల డబ్బా చూపించాడు. లోపల ఫ్యాన్లు ఒక్కోటి ఒక్కో రంగులో తిరుగుతున్నాయి. బొమ్మలు చూపించే కార్డుతో పాటకేం పని అని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని ఎల్లారెడ్డికి తెచ్చుకుంటుంటే బస్సంతా నన్నే చూస్తోందనుకున్నాను. (కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. అదీ గర్వంగానే తీసుకున్నాను.)

పాడటానికి మా పెద్దత్త ఉండనే ఉంది. బాపుకు అక్క. నాగిరెడ్డిపేటలో నాట్లేసే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. మడిలో ఆమె ఒక చరణం చెబితే వెనకున్నవాళ్లు అందుకుంటారు, వాళ్లు ముగించేదాకా ఆగి ఆమె తర్వాతిది ఎత్తుకుంటుంది. పాట అంటే ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, డప్పు దరువు వినిపించి, పాడమన్నాను. మొదటి చరణం దివ్యంగా వచ్చింది. తర్వాత ఆమె మాటమాటకూ ఆగడం మొదలుపెట్టింది. ఆగుతుంది, తలాడిస్తుంది, మళ్లీ పాడుతుంది. డప్పు ఎక్కడో ముందుకు వెళ్లిపోయింది. "ఏమైందత్తా?" అంటే, "ఎనక అందుకునేటామె ఎవలు అల్లుడా? గొంతు మస్తున్నది. జర నిదానం మనిషి, అందుకే నేనే ఆగుతున్న" అంది.

వెనక ఎవరూ లేరు. ఆమె గొంతే కంప్యూటర్లోకి వెళ్లి, ఆలస్యంగా ఆమె చెవికే తిరిగొస్తోంది. గుమ్మంలో నిలబడ్డ బాపు, "డప్పు నాటేసి ఇంటికి పోయింది, అక్క ఇంకా మడిలనే ఉన్నది" అని వెళ్లిపోయాడు. రికార్డయినదాంట్లో పాటకన్నా ఫ్యాన్ల హోరే ఎక్కువ.

తర్వాత ఇంటర్నెట్‌లో తలదూర్చి అసలు సంగతి పట్టుకున్నాను. కంప్యూటర్ గొంతును వచ్చింది వచ్చినట్టు పంపదు, కొంత పోగుచేసి పంపుతుంది. బిందె నిండాక పంపితే ఆలస్యం, చెంబుతో పంపితే వెంటనే. కానీ చెంబుతో మాటిమాటికీ అందించాలంటే ప్రాసెసర్ చురుగ్గా ఉండాలి, లేకపోతే మధ్యమధ్యలో టపటపమంటుంది. మైకును నేరుగా డబ్బా వెనక గుచ్చకుండా, గొంతును తీసుకుని వినిపించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె కావాలి. ఫ్యాను చప్పుడు చేయకూడదు. లైట్ల ఊసు ఎక్కడా లేదు. డబ్బాను మళ్లీ కామారెడ్డి తీసుకెళ్లి, గ్రాఫిక్స్ కార్డు, అద్దాలు వాపసు తీసుకుని ఇవన్నీ ఇమ్మన్నాను. లైట్లన్న నా ముఖంలోకి చూశాడు. "కార్డు వద్దు, లైట్లు గూడ వద్దంటవా? తమ్మీ, ఇంట్ల అందరు మంచిగున్నరా?" దుకాణంలో నాకేం కావాలో నేనే చెప్పడం అదే మొదటిసారి. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

నాట్లు రేపో మాపో అన్నప్పుడు పెద్దత్త మళ్లీ వచ్చింది. ఈసారి మాట పెదవి దాటగానే చెవిలో ఉంది. నేను పొంగిపోతుంటే ఆమె ఒక్క చరణం పాడి ఆపేసింది.

"ఆమె రాలేదా?"

"ఎవరత్తా?"

"మొన్న అందుకున్నామె. ఒక్కదాన్నే పాడుమంటె నాతోని గాదు. ఎనక ఎవలన్న అందుకుంటెనే ముంగటి మాట యాదికొస్తది."

"అది నీ గొంతే అత్తా."

"చల్! ఆమె నాకంటె మంచిగ పాడింది."

ఇంత కష్టపడి పోగొట్టిన ఆలస్యాన్ని ఆవిడ తిరిగి ఇవ్వమంటోంది! గుమ్మంలో ఉన్న బాపు బయటికి నడిచాడు. ఇక అమ్మకమే అనుకుని కూలబడ్డాను. చాలాసేపటికి ఇంటి ముందు ఆటో ఆగింది. పెద్దత్త గుంపంతా దిగింది, వాళ్ల వెనక బాపు. "నన్నేం జూస్తున్నవ్? మైకు సదురు" అన్నాడు.

వాళ్లంతా కింద కూర్చుని అందుకుంటుంటే పెద్దత్త గొంతు ఎక్కడికో వెళ్లింది. చివరి చరణాల్లో బాపు కూడా ఆగలేక గొంతు కలిపాడు. అయ్యాక ఒకటికి రెండుసార్లు విని, "డబ్బ ఉండనియ్యి" అని పొలానికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ పొలం ఒడ్డు మీద కూర్చుని ఫోనులో అదే పాట పెట్టి, పక్కవాళ్లకు "మావోడు జేసిండు" అని చెబుతాడు.

ఆ పాట జాగ్రత్తగా వింటే అందరికన్నా కాస్త ఆలస్యంగా అందుకునే మగగొంతు ఒకటి వినపడుతుంది. ఇప్పుడు నా దగ్గరున్న యంత్రాలతో దాన్ని సరిచేయడం నిమిషం పని. అప్పట్లో అలా వదిలేసిన కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి సరిచేయడం చేతకాలేదు, అదే మంచిదైంది.