ఓడ దిగినా ఆగని ఊపు

ఆ ఉదయం పోర్ట్ బ్లెయిర్ చాతం జెట్టీలో బోటు దిగి, మడత సైకిలు విప్పి ఎక్కితే అది నన్ను ఎడమవైపు తీసుకుపోయింది. ఎడమవైపు ఉన్నది సముద్రం. సముద్రమంటే నాకు ఇష్టమే గాని, ఆఫీసు వేళకు అంత ఇష్టం ఉండదు. బ్రేకు వేసి కాలు కింద పెట్టాను. రోడ్డు, నిద్రపోతున్న మనిషి ఛాతీలా, మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది.

భయం వేయలేదు. కార్ నికోబార్‌లో మా అక్క ఇంటికి వెళ్ళి, ముందురోజే షిప్‌లో తిరిగొచ్చాను. షిప్ దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగడం దీవుల్లో పుట్టినవాళ్ళకు మామూలే. గోడ పట్టుకుని నవ్వుకుంటాం. అంతే.

వారం దాటినా ఊపు ఆగలేదు. అప్పుడు నేరం సైకిలు మీదకు తోశాను. మా ఇల్లు బంబూఫ్లాట్, నా ఆఫీసు పోర్ట్ బ్లెయిర్, మధ్యలో బోటు. బోటులో బెంచీ కింద పట్టేస్తుందని పదహారు అంగుళాల చక్రాలది కొనుక్కున్నాను. చిన్న చక్రం గుంతను దాటిపోదు. లోపలికి దిగి, క్షేమసమాచారాలు అడిగి వస్తుంది. హ్యాండిలైతే తుమ్మినా తిరుగుతుంది. కాబట్టి తప్పు దానిదే అని తేల్చేశాను.

"చక్రం చిన్నదని గొడవేటి వరాలూ? పెద్దది ఎక్కి చూడు మరి" అంటూ మావారు స్నేహితుడి దగ్గర ఇరవై అంగుళాల మడత సైకిలు తెచ్చారు. లావు టైర్లు, గాలి కాస్త తక్కువ. గుంతలు కిందనుంచి చిన్న అలల్లా జారిపోయాయి. ఎంత హాయో చెప్పలేను. అంత హాయిగానూ ఎడమవైపు మురిక్కాలువలోకి వెళ్ళాను.

చెయ్యి అందించి లేపుతూ ఆయన నవ్వలేదు. "చక్రం మారింది గాని నీ దారి మారలేదు. ఏటవుతోంది నీకు?"

జవాబు మర్నాడు తెల్లారి మంచం మీద దొరికింది. కళ్ళు తెరిస్తే ఫ్యాను ఒక పక్కకు కొట్టుకుపోతోంది. ఫ్యానుకు స్విచ్చే వేయలేదు. దాని వెనకే గోడలూ కిటికీ బయలుదేరాయి. ఇల్లు లంగరు తెంపుకుని ఎటో వెళుతుంటే నేనొక్కదాన్నే ప్రయాణికురాలినన్నట్టు దుప్పటి పట్టుకుని పడుకున్నాను. వాంతులు లేకపోతే అందమైన ప్రయాణమే అనేదాన్ని.

"చలో, హాస్పిటల్. జిద్దు చెయ్యకు" అని మావారు ఎత్తుకున్నంత పని చేశారు.

ఈఎన్‌టీ డాక్టరుగారు తల వాలిస్తేనే తిరుగుతుందేమోనని, నా తలను వెనక్కు వాల్చి డిక్స్-హాల్‌పైక్ టెస్ట్ చేశారు. అందులో ఏమీ తేలలేదు. తర్వాత తన ముక్కునే చూడమని, నా తలను చటుక్కున పక్కకు తిప్పారు. కుడికి తిప్పితే ముక్కు ఉన్నచోటే ఉంది. ఎడమకు తిప్పితే ముక్కు జారిపోయింది, వెతుక్కోవలసి వచ్చింది.

"ఎప్పట్నుంచి?"

"షిప్ దిగినప్పట్నుంచి డాక్టర్."

"ఆ షిప్ ఇంకా మీ తలలోనే లంగరు వేసుకుందా మేడమ్?"

వినికిడి చూసే ఆడియోమెట్రీ నార్మల్, ఎమ్మారై నార్మల్. "వెస్టిబ్యులార్ న్యూరైటిస్" అన్నారు. ఎడమచెవిలోంచి మెదడుకు బ్యాలెన్స్ కబురు మోసే నరం దెబ్బతింది. "ఇకమీద మెదడు ఒంటిచెవి కబుర్లతో సర్దుకోవడం నేర్చుకోవాలి. అంతవరకు నో సైకిల్. జెట్టీ మీద ఒంటరిగా నడవకూడదు."

నాకు ఏడుపొచ్చింది. జబ్బుకు కాదు. పొద్దున్నే బోటు దిగి, ఉప్పుగాలిలో ఎవరితోనూ మాట్లాడకుండా తొక్కుకుంటూ వెళ్ళే ఆ కాసేపే రోజు మొత్తంలో నాది. మిగతాదంతా ఇంటిదీ ఆఫీసుదీ. "సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దామేటి?" అని మావారు మెల్లగా అడిగితే వార్డు గోడవైపు తిరిగి పడుకున్నాను. గోడ కూడా తిరిగింది.

ఇంటికొచ్చాక, హాస్పిటల్లో ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వ్యాయామాలు. బొటనవేలిని చూస్తూ తలను అడ్డంగా ఊపాలి. ఏమడిగినా కాదంటున్నట్టే ఉండేది. వారాలు గడిచినా మెరుగు లేదు. మళ్ళీ చూపించుకోవడానికి వెళితే డాక్టరుగారు, "ఇంకే మందులు వాడుతున్నారు?" అన్నారు.

"మందులేం లేవు. రోజూ షిప్ టాబ్లెట్ ఒక్కటే."

దీవుల్లో ఆడవాళ్ళ పర్సులో దువ్వెన లేకపోయినా అది ఉంటుంది. ఓడ ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునేది. మేం దాన్ని మందుల్లో లెక్కెయ్యం.

"రోజూనా!" ఆయన తల పట్టుకున్నారు. "అది తిరుగుడును ఆపుతుంది మేడమ్, మెదడు నేర్చుకోవడాన్నీ ఆపుతుంది. బంద్ కరో."

ఆపేశాక కొన్నాళ్ళు నరకం. తర్వాత ఒక పొద్దున ఫ్యాను పైకప్పుకే వేలాడుతూ కనిపించింది. ఎంత మర్యాదగా ఉందో!

ఫిజియో అమ్మాయి ఒప్పుకున్నాక, ఖాళీ మైదానంలో మావారు సీటు పట్టుకుని నడుస్తుంటే మళ్ళీ ఎక్కాను. పదహారు అంగుళాలది ప్రతి రాయినీ తలలోకి చేరవేసింది. ఎదుటి బోర్డు మీద అక్షరాలు గంతులేశాయి.

"పెద్ద చక్రాలది తొక్కండి దీదీ, గాలి తగ్గించి" అంది ఆ అమ్మాయి. "కుదుపు తగ్గితే చూపు నిలుస్తుంది."

నిజంగానే ఇరవై అంగుళాల దాని మీద అక్షరాలు బుద్ధిగా కూర్చున్నాయి. చక్రం నాకు జబ్బు తేలేదు, నయమూ చేయలేదు. కోలుకుంటున్న తలకు పరుపు వేసిందంతే. ఇప్పుడు నాదీ అలాంటిదే. బోటులో బెంచీ కింద పట్టదు. దాన్ని పట్టుకుని నిలబడతాను. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చూసేవాళ్ళ ఇష్టం. చిన్నది మావారు తొక్కుతున్నారు, సర్కస్ ఎలుగుబంటిలా.

మొన్న ఇద్దరం మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళొచ్చాం. అలలు ఎక్కువగా ఉన్న రోజు. ఫీనిక్స్ బేలో షిప్ దిగి రెండడుగులు వేశానో లేదో, కాళ్ళ కింద జెట్టీ మెల్లగా లేచి దిగింది. మావారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఏమండీ... మీకూ ఊగుతోందా?"

"ఊగకేటి? అటు చూడు, ఆ కూలీ భయ్యా తప్ప అందరం తాగినోళ్ళలాగే నడుస్తున్నాం."

అంత తీయని మాట పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్లేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. నేల ఊగితే పర్సులో టాబ్లెట్ వెతకకండి, పక్కవాళ్ళను అడగండి. వాళ్ళకు ఆగిపోయి మీకు ఆగకపోతే ఈఎన్‌టీకి చూపించుకోండి. నేను మొదటిసారి ఎవర్నీ అడగలేదు, సైకిల్ని అడిగాను.

మర్నాటికి మా ఇద్దరి నేలా ఆగింది. చాతంలో బోటు దిగి, సైకిలెక్కాను. సముద్రం ఎడమవైపే ఉంది. నేను నా దారిన వెళ్ళాను.