కారు తలుపుకి కాపడం

మా ఎదురింటి మామ్మగారు మొన్న మంగళవారం పోయారు. పొద్దున్న ఆరున్నరకి ఆవిడ కోడలు మా గుమ్మంలోకొచ్చి, "అత్తయ్యగారు ఎంత పిలిచినా లేవట్లేదండీ, ఒక్కసారి రండి" అంది. అమ్మా నేనూ పరుగున వెళ్లాం. మంచం పక్కన స్టూలు మీద సగం అల్లిన లేసు పువ్వు, దానికి గుచ్చిన సూది అలాగే ఉన్నాయి. ఎనభై ఆరేళ్ల మనిషి నిద్రలోనే దాటిపోవడం అదృష్టమని వచ్చినవాళ్లంతా అన్నారు. నేనూ అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం కుర్చీలో కూలబడి ఏడ్చాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. నరసాపురంలో మా వీధికి అటు వాళ్ల అరుగు, ఇటు మా కారు షెడ్డు, మధ్యలో ఒక ఆటో పట్టేంత దారి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆవిడ ఆ అరుగు మీదే కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లుతూ ఉండేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేవారు. "నిన్న మీ అమ్మ..." అని, వరస పూర్తయ్యేదాకా పెదాలతో లెక్కపెట్టుకుని, "...పంపిన పులుసులో ఉప్పెక్కువైందే" అని ముగించేవారు. దారం చిక్కుపడితే కత్తెర ముట్టుకునేవారు కాదు. "కత్తెర ఆఖరున తల్లీ. ముందు వేలు పెట్టి చూడు" అనేవారు. చిన్నప్పుడు నేర్పమని పట్టుబట్టి రెండు రోజులు ఆవిడ పక్కన కూర్చున్నాను. నా చేతిలో తయారైనదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు చదువుకో" అన్నారు.

చదువుకున్నాను. భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతున్నాను. స్ప్రింగుల గురించీ రాపిడి గురించీ బోర్డు నిండా రాస్తాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నా పరువు పోయింది సరిగ్గా అక్కడే కనుక.

మా నాన్న ఒక పాత కారుని ప్రాణంగా చూసుకునేవారు. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. నల్లగా, గుండ్రటి బుగ్గలతో ఉంటుంది. మమ్మల్ని ఎక్కించుకుని, దాన్ని పంటు పడవ మీద గోదావరి దాటించి, అవతలి రేవులో దిగగానే ముందు దాని మొహం తుడిచేవారు. ఆయన పోయాక నడపడం నా వంతు, ఆదివారం ఆదివారం తుడవడం అమ్మ వంతు అయ్యాయి. ఆ ఏడాది అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, తినలేదు. కారు తుడవడానికి మాత్రం లేచేది. ఆ గంటసేపు మళ్లీ మా అమ్మలా కనిపించేది.

ఆ చలికాలంలో డ్రైవరు వైపు తలుపు మొరాయించింది. పొద్దున్న పిడి ఎంత లాగినా లోపల గడియ కదిలేది కాదు. చీర కట్టుకుని అవతలి తలుపులోంచి ఎక్కి, సీటు మీదుగా పాక్కుంటూ వచ్చి స్టీరింగు ముందు కూర్చునేదాన్ని. మధ్యాహ్నానికి అదే తలుపు ఏమీ ఎరగనట్టు తెరుచుకునేది. చలికి ఇనుము ముడుచుకుపోతోందని నేను సిద్ధాంతం చేశాను. పాత కార్లు బాగుచేసే మేస్త్రిని పిలిపిస్తే, అతను నా సిద్ధాంతం మర్యాదగా విని, "గడియ అరిగిపోయిందండి మేడమ్ గారూ. ఈ బండికి ఇప్పుడు దొరకదండి. తలుపు అంచు కోసేసి కొత్త బండి గడియ వెల్డింగు పెట్టేద్దామండి. రేపు కట్టర్ తెస్తాను" అన్నాడు.

అమ్మ షెడ్డు గోడ పట్టుకుంది. "కోసేస్తారా? ఆయన కారు తలుపుని?" అంది.

ఎదురరుగు మీద వరస పూర్తయింది. మామ్మగారు సూది చేత్తో పట్టుకునే వీధి దాటి వచ్చారు.

"ఏ వేళప్పుడు రాదు నాయనా?"

"పొద్దుటేళండి."

"మధ్యాహ్నం?"

"సుబ్బరంగా వచ్చేస్తాదండి."

"పొద్దున్న పేచీ, మధ్యాహ్నం రాజీ. అరిగిన గడియకి వేళ తెలుస్తుందేంటి?" అని, నా వైపు తిరిగి, "సాయంత్రం నుంచి తలుపు తీసే ఉంచు. రేపు పొద్దున్నే నేనొచ్చి చూస్తాను" అన్నారు.

మర్నాడు చలిలో తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. తలుపు అంచున గడియ ఉండే సందులో చిటికెన వేలు పెట్టి కళ్లు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. వేలు బయటికి తీసి వాసన చూసుకుని, "అమ్మాయ్, కాస్త కాఫీ పెట్టవూ" అని అమ్మతో అన్నారు. ఆవిడ మా ఇంట్లో కాఫీ అడగడం నేను ఎన్నడూ వినలేదు. అమ్మ లోపలికి వెళ్లగానే సూదిని సందులోకి పోనిచ్చి, లోపలినుంచి తెల్లటి పలుకులు లాగి నా అరచేతిలో పెట్టారు.

కొబ్బరినూనె!

మా వైపు కీచుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనే పోస్తాం. ఉయ్యాల కొక్కానికీ అదే, నూతి గిలకకీ అదే. చలికాలం పొద్దున్న తలనూనె సీసా ఎలా గడ్డకడుతుందో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకే తట్టలేదు. ఎండెక్కితే కరగడం, చలికి పేరుకోవడం, అంతే ఆ తలుపు జబ్బు.

"ఎవరు పోశారిది?" అని నోరు తెరిచాను.

"మెల్లిగా మాట్లాడవే! ఆదివారం ఆదివారం ఈ బండి తుడిచేదెవరే?" అన్నారు. నేను వంటింటి వైపు చూశాను. "ఈ ఒక్క పనికే లేస్తోంది ఆ మనిషి. మొగుడి బండిని తనే పాడుచేశానని తెలిస్తే రేపట్నుంచి దీనికీ లేవదు. ఉప్పుగాలి అని చెబుదాం."

తర్వాత ఆవిడ చేసింది నేను నోరు తెరుచుకుని చూశాను. వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి, బెణికిన కాలికి పెట్టినట్టు తలుపుకి కాపడం పెట్టారు. కారిన నూనెని ఆ గుడ్డతోనే తుడిచారు. లేసుదారం కిరసనాయిల్లో తడిపి, కంటికి కనిపించని ఆ గడియ చుట్టూ సూదితో తిప్పి, అటు లాగి ఇటు లాగి కడిగారు. ఎక్కడ స్ప్రింగు ఉందో, ఎక్కడ మలుపు ఉందో ఆ వేళ్లకి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. బోర్డు మీద ఆ బొమ్మ వందసార్లు గీసినదాన్ని నేను. ఆ పూట చేతులు కట్టుకుని నిలబడ్డాను, చిన్నప్పటిలా.

అమ్మ కాఫీ తెచ్చేసరికి గడియ టక్కుమని ఆడుతోంది. "ఉప్పుగాలమ్మాయ్. సముద్రం పక్కన ఇనుముకి తప్పదు" అంటూ బొడ్లోంచి కుట్టుమిషను నూనె సీసా తీసి అమ్మ చేతిలో పెట్టారు. "వారానికి రెండు చుక్కలు. నాకు నడుం వంగదు, ఈ పిల్లకి తీరిక లేదు. నువ్వే పొయ్యాలి." ఆ ఏడాదిలో మొదటిసారి అమ్మ "అలాగే పిన్నిగారూ" అని గట్టిగా అంది.

కట్టరుతో వచ్చిన మేస్త్రి తలుపుని అయిదారుసార్లు తీసి వేసి, ఆవిడకి దణ్ణం పెట్టాడు. "కత్తెర ఆఖరున బాబూ" అని ఆవిడ అరుగెక్కేశారు.

ఇది జరిగి నాలుగేళ్లు. ప్రతి ఆదివారం అమ్మ రెండు చుక్కలు పోసి తలుపు తీసి వేసేది. ఆ చప్పుడు వినగానే ఎదురరుగు మీంచి, లేసు మీంచి కళ్లెత్తకుండానే, "ఊఁ, బాగుంది" అని వినిపించేది.

మంగళవారం అంతా అయ్యాక అమ్మ నా పక్కన కూర్చుంది. "అది కొబ్బరినూనె అని నాకు ఆ రోజే తెలుసే" అంది.

"ఎలా?"

"కాపడం పెట్టిన గుడ్డ ఉతికింది నేనే కదా."

"మరి ఆవిడకి చెప్పలేదేం?"

"నా కోసం అంత కష్టపడి దాచిన మనిషికి ఏమని చెప్పను?" అంది అమ్మ.

ఈ ఆదివారం చలి బాగా ఉంది. అమ్మ సీసా తెచ్చుకుని రెండు చుక్కలు పోసి, తలుపు తీసి వేసింది. ఎదురరుగు వైపు చూసింది. కాసేపు ఆగి, మళ్లీ తీసి, ఈసారి కాస్త గట్టిగా వేసింది.