కాక ఆపిన ఇంజిన్‌కు ఇంగ్లిష్ మాట

మొన్న పక్కింటి అమ్మాయి పోటీ పరీక్షల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఖాళీల్లో సరైన క్రియ నింపాలట. డిలే, హ్యాంపర్, ఇంపీడ్, అబ్‌స్ట్రక్ట్, రిస్ట్రెయిన్. "అన్నీ ఆపుడే గద ఆంటీ, గిన్నెందుకు?" అని విసుక్కుంది. గోదావరిఖనిలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని, ఊరుకోలేక విడమరిచి చెప్పాను. బసంత్‌నగర్ దగ్గర రోడ్డు బాగాలేక బస్సు మెల్లగా వస్తే అది డిలే. ఎవడో కావాలని రోడ్డుకు అడ్డంగా లారీ పెడితే అది అబ్‌స్ట్రక్ట్. కొట్లాటకు పోయే తమ్ముణ్ని అక్క రెక్క పట్టుకుని గుంజితే రిస్ట్రెయిన్. పిల్ల సంబరంగా రాసుకుని పోయింది. నాకు మాత్రం నోరంతా చేదు. ఈ మాటలంటే నాకు రోత, నిజంగా రోత. అది ఇవాళ్టిది కాదు.

రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. మా నాన్న తమ్ముడు, అంటే మా కాక, బాయిలో హాలేజీ ఇంజిన్ నడిపేవాడు. గనిని మేమంతా బాయి అనే అంటాం. ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను కింది నుంచి పైకి లాగే ఇంజిన్ అది. కాక నెమ్మది మనిషి. చర్చిలో కూడా అందరూ పాట ముగించాక ఆయనొక్కడూ తీరిగ్గా ఆఖరి చరణంలో ఉండేవాడు. ఆయన భార్య, మా చిన్నమ్మకు గుండె జబ్బు. మందులన్నీ కంపెనీ దవాఖాన నుంచే వచ్చేవి. ఆయన నౌకరి అంటే మా ఇంట్లో జీతం ఒక్కటే కాదు, చిన్నమ్మ ప్రాణం కూడా.

బాయిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు. లోపల ఎవరైనా చనిపోతే, ఆ మనిషి శవం పైకి చేరేదాకా బొగ్గు కదలకూడదు. ఒకరోజు పైకప్పు బండ పడి ఒకాయన అక్కడికక్కడే పోయాడు. తోటివాళ్లు స్ట్రెచర్ మోసుకుని ఏటవాలు దారిలో ఎక్కుతున్నారు. కాక ఇంజిన్ ఆపి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శవం పోయేది వేరే దారిన, టబ్బులు నడుపు అని షిఫ్టు అధికారి అరిచాడట. కాక నడపలేదు. శవం బయటికి వెళ్లిందని కబురు వచ్చాకే మళ్లీ లీవర్ మీద చెయ్యి వేశాడు. ఆ వారంలోనే చార్జిషీటు వచ్చింది, ఉత్పత్తిని అబ్‌స్ట్రక్ట్ చేశాడని.

ఆదివారం ప్రార్థన అయ్యాక నేను కాక ఇంట్లో ఉండగా యూనియన్ నాయకుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కండువా. చిన్నమ్మ వేసిన మిర్చి బజ్జీలు తింటూ, అదే జిడ్డు వేలితో చార్జిషీటు మీద పొడిచి చూపించాడు.

"అబ్‌స్ట్రక్ట్ అంటే డిస్మిస్సే. మనం డిలే అని రాద్దాం టీచరమ్మా. డిలేకు మెమోతోని అయిపోతది. కాకపోతే ఎందుకు డిలే అయిందో చెప్పాలె. కండ్లు తిరిగినయని రాయి."

"నాకేం కండ్లు తిరగలే," అన్నాడు కాక. "సోయిలనే ఉన్న. నేనే ఆపిన. మనిషి పోతుంటే ఆపరా?"

"గా ముచ్చట ఆఫీసుల చెప్పకు కాకా. నీ నౌకరి పోతే ఇంటామె మందులకు యాడికి పోతవ్?"

కాక చిన్నమ్మ వైపు చూశాడు. నాయకుడు చెయ్యి కండువాకు తుడుచుకుని ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

జవాబు నేనే రాశాను. కాక వెంట ఆఫీసుకూ వెళ్లాను. అక్కడి అధికారి కాగితం చదివి బిస్కెట్ టీలో ముంచుకుంటూ నాకు పాఠం మొదలుపెట్టాడు. హ్యాంపర్ అంటే కొంచెం ఘాటు, ఇంపీడ్ అంటే మనసులో ఉద్దేశం ఉన్నట్టు వినిపిస్తుంది, డిలేనే అన్నిటికన్నా నిర్దోషి అన్నాడు. నా ఇంగ్లిష్ బాగుందని మెచ్చుకున్నాడు కూడా. ఎదుట నిలబడిన మనిషికి కుర్చీ చూపించడం తెలియదు గానీ, మాటల ఘాటు మాత్రం నాలుక చివర రుచి చూసి చెప్పగలడు.

"సారూ," అన్నాడు కాక, "గిండ్ల సచ్చిపోయినాయన పేరు యాడుంది?"

"అది వేరే ఫైలు," అన్నాడు అధికారి, కాగితం మీంచి తల ఎత్తకుండా.

కాక సంతకం పెట్టాడు. కళ్లు తిరగడం వల్ల ఇంజిన్ నడపడంలో ఆలస్యం జరిగింది, అంతే. మెమోతో సరిపోయింది. నాయకుడు దాన్ని గెలుపని చెప్పుకుని గేట్ మీటింగులో దండ వేయించుకున్నాడు. చిన్నమ్మ మందులు ఆగలేదు. అందుకు దేవుడికి స్తోత్రం చెప్పాను, కాదనను.

ఆ ఏడాది వానలు తగ్గాక అదే బాయిలో ఇంకొకతను పోయాడు. ఇంజిన్ దగ్గర ఆవేళ కాకే ఉన్నాడు. షిఫ్టు అధికారి దగ్గరకొచ్చి, "ఇవాళ కళ్లు బాగానే ఉన్నాయి కదా?" అని నవ్వాడట. పక్కవాళ్లూ నవ్వారట. డ్యూటీ దిగి కాక సరాసరి మా ఇంటికి వచ్చాడు. నేనిచ్చిన మంచినీళ్లు ముట్టలేదు.

"నడిపిన బిడ్డా," అన్నాడు. "వాళ్లు మోసుకపోతుండంగనే టబ్బులు నడిపిన."

ఆ తర్వాత ఆ బాయిలో ఎవరి కోసమూ ఇంజిన్ ఆగలేదు. ఇప్పుడు కాక లేడు, చిన్నమ్మా లేదు, ఆ బాయినీ మూసేశారు. ఏళ్లు గడిస్తే మనసు మెత్తబడుతుందంటారు. నాకు కోపమైతే ఎప్పుడో చల్లారింది, ఆ మాటల మీద రోత మాత్రం పోలేదు.