కర్రను దాటిన మామ

మొన్న మధ్యాహ్నం టీవీలో ఛానళ్లు తిప్పుతుంటే ఒక పాత నలుపుతెలుపు ఇంగ్లీషు సినిమా తగిలింది. నడుముకు తుపాకీ కట్టుకున్న ఒకాయన అలసిన ముఖంతో గుర్రం దిగుతున్నాడు. రంగుల్లేవని మనవరాలు రిమోట్ లాక్కుంది గానీ, నా మనసు అప్పటికే హిందూపురం మ్యాట్నీకి పోయి చతికిలబడింది.

నా మొదటి ఉద్యోగం హిందూపురం బడిలో. ఒంటరి ఆడపిల్లకు తోడుంటుందని ధర్మవరం నుంచి మావాళ్లు మా మేనమామ భార్యను పంపించారు. ఆ అత్త అప్పటికే కొన్నేండ్లుగా మొగుడి మీద అలిగి పుట్టింట్లో పట్టుమగ్గం నేస్తోంది. పెనుకొండలో మా మామ కర్రసాముకు పెట్టింది పేరు. ఏ జాతరకు పోయినా ఎవడో ఒక కుర్రవాడు వచ్చి ఆయన కాళ్ల ముందు కర్ర పడేసేవాడు, పడేసిన కర్రను అందుకోకపోతే మావైపు తలెత్తుకోలేని నామర్దా, అందుకుంటేనేమో ఎవరిదో ఒకరి తల పగలాల్సిందే. ఆ కర్ర వదిలేదాకా గడప తొక్కనని అత్త పంతం.

దసరా సెలవులిచ్చిన రోజు మామ పెండ్లాన్ని పిలుచుకుపోవడానికి వచ్చాడు. అత్త మాట్లాడదు, మామకు బతిమాలడం చేతకాదు. సాయంత్రం రైలుదాకా ఆ ఇద్దరి మధ్యా కూర్చోలేక నేనే సినిమాకు లాక్కుపోయాను.

ఆడవాళ్లవైపుకూ మగవాళ్లవైపుకూ మధ్య అడ్డగోడ ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది. సగమే అర్థమయ్యే ఇంగ్లీషుకు మిగతా సగం నేనే అల్లి అత్త చెవిలో వేశాను: ఈ తుపాకీ వీరుడు ఇక చాలని ఇల్లు చేరాలనుకుంటున్నాడు, ఏ ఊరికి పోయినా పేరు కోసం ఎవడో ఒకడు కయ్యానికి పిలుస్తున్నాడు అని. అత్త నిట్టూర్చి, "ఈయప్ప గూడా మీ మామ మాదిరే ఉండాడు కదే" అంది.

ఇంటర్వెల్లో సోడా అంగడి దగ్గర ఒక పడుచువాడు మామను గుర్తుపట్టాడు. చేతికర్ర ఆయన కాళ్ల ముందు పడేసి, "ఏమప్పా, ముసిలోడివై పోయినావా?" అన్నాడు. జనమంతా చుట్టూ మూగారు. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మామ కొంచెం వంగాడు కూడా. తర్వాత మెల్లగా లేచి, "అవునబ్బా, అయిపోయినా" అని ఆ కర్రను దాటుకుని వచ్చి, మా చేతుల్లో సోడాలు పెట్టి, వెనక నవ్వులు వినబడుతుండగానే లోపలికి పోయాడు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

సినిమా చివర్లో ఆ వీరుడు మళ్లీ తుపాకీ తీసి నేలకూలాడు. అత్త కొంగుతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం ప్యాసింజరులో ముగ్గురం ఎక్కాం, మామ పెనుకొండకు, సెలవులకని అత్తా నేనూ ధర్మవరానికి. పెనుకొండ వచ్చింది. మామ ఏమీ అడక్కుండా దిగి, వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తున్నాడు. అత్త కిటికీలోంచి చూస్తూ ఉండి, బండి కూత వేయగానే దిగ్గున లేచి దిగేసింది. "సంచి యాడన్నా పారేసేవు, మళ్ల పంపియ్యే!" అని ప్లాట్‌ఫారం మీద నుంచి అరిచింది. ధర్మవరందాకా ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నేనెక్కే బండి పెనుకొండలో ఆగదు. కర్రసాము తెలిసిన కుర్రాళ్లూ లేరు గానీ, ఫోన్లో ఎవరైనా ఒక మాట పడేస్తే చాలు, అందుకోనివాడు ఒక్కడూ కనబడడు. దాటుకుని పోయేవాణ్ని చూసి చాలాకాలమైంది.