రత్నం మేస్త్రీ చెవులు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరి ఆస్తీ కాజేయలేదు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. చక్కగా వినపడే మనిషికి, నీకు వినపడదని చెప్పాను. ఆయన నమ్మాడు. చెప్పడానికి రెండు ముక్కలే, మోయడానికి మాత్రం ఇంత బరువేమిటో! మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీ దగ్గర మొహమాటం లేదు. మధ్యలో నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, కానీ చివరిదాకా చదవండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి కట్టే మెకానిక్‌ని. ఆ పని నాకు నేర్పినవాడు రత్నం మేస్త్రీ. కొండపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని నడుస్తున్న ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి నొక్కిపెట్టి, కళ్లు మూసుకునేవాడు. మూడో బేరింగ్ పోతోందనేవాడు. విప్పితే మూడోదే. మా షెడ్డులో కట్టిన ఇంజన్ ఏదైనా సరే, ఆయన అలా విని ‘సరే’ అన్నాకే గేటు దాటేది. మేం కొబ్బరికాయ కొట్టేవాళ్లం, ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకునేవాడు. కాయ మరిచిపోయిన రోజులున్నాయి గానీ ఆయన చెవి పెట్టని రోజు లేదు.

పదిహేనేళ్లు ఆయన పక్కన పనిచేశాను. లాప్‌టాప్ తగిలించి ఇంజన్ కంప్యూటర్ని సరిచేసే విద్య నాకు నేనే నేర్చుకున్నాను. అయినా గేట్లోకి వచ్చిన ప్రతివాడూ “మేస్త్రీ లేడా?” అనే అడిగేవాడు. ఎదురుగా నిలబడ్డ ఆరడుగుల మనిషిని, నేను కనపడనా? ఆయన ఏనాడూ నన్ను చిన్నచూపు చూడలేదు, పైగా కంప్యూటరు పనంతా మావాడిదేనని నలుగురిలో చెప్పేవాడు, ఆ మాట వింటే నాకు ఇంకా ఒళ్లు మండేది, ఎందుకంటే నాకు పేరు రావాలన్నా ఆయన నోటి నుంచే రావాలన్నమాట. దీనికి ఏవేవో పేర్లు పెట్టుకున్నాను ఇన్నాళ్లూ. అది కుళ్లు.

అప్పుడు వచ్చింది ఆ కారు. పామర్రులో రైసుమిల్లు ఉన్న ప్రసాద్ గారిది. ఎప్పుడో ఓడలో దిగిన జపాన్ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, ఎర్ర రంగు, టర్బో ఇంజన్. ఏళ్ల తరబడి మిల్లు గోడౌన్లో పడి ఉంది. లారీ మీంచి దింపుతుంటే సైలెన్సర్లోంచి దోసెడు ఊక రాలింది. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. దాన్ని బాగుచేస్తే చాలదు, కొత్తలో పరిగెత్తినదానికన్నా ఇంకా గట్టిగా పరిగెత్తాలన్నారు ఆయన. ఎనిమిది నెలలు పట్టింది. పిస్టన్లు, హెడ్డు మేస్త్రీ చూశాడు. పాత టర్బో తీసి పెద్దది పెట్టడం, కంప్యూటరు మార్చడం నా పని. ఆ ఇంజన్‌ని మేమిద్దరం చంటిబిడ్డలా చూసుకున్నాం.

టర్బో అంటే మరేం లేదు, ఇంజన్ వదిలే వేడి పొగతో తిరిగే చిన్న పంకా. ఊహకందనంత వేగంగా తిరుగుతుంది. దాని ఇరుసుకి సన్నటి గొట్టంలోంచి నూనె అందుతూ ఉండాలి. ఆ గొట్టం అతుకు దగ్గర రాగి వాషరు తప్ప ఇంకేమీ వాడకూడదన్నది మేస్త్రీ నియమం. వాషరుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి చక్కగా కూర్చుంటుంది. కారకుండా అతుకులకి రాసే పేస్టు పూస్తే అది లోపలికి జారి నూనెకి అడ్డం పడుతుంది. వెయ్యిసార్లు చెప్పాడు. రాగి వాషరు వ్రతమని మేమంతా ఆయన్ని ఆటపట్టించేవాళ్లం.

కారు తీసుకెళ్లే రోజు ప్రసాద్ గారు చుట్టాలతో సహా రెండు కార్లలో దిగారు. ఆ అతుకు దగ్గర నూనె చుక్క చుక్కగా కారుతోంది. వాషరు కాల్చి మళ్లీ వేయడానికి పావుగంట చాలు. కానీ నా టర్బో కారుతోందని అంతమంది ముందు తెలియడం నాకిష్టం లేదు. మేస్త్రీ అన్నం తింటున్నాడు. విప్పి, నల్ల పేస్టు పూసి బిగించాను. కారడం ఆగింది.

ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రీ చెయ్యి కడుక్కుని వచ్చి స్క్రూడ్రైవర్ ఆనించాడు. చాలాసేపు కళ్లు తెరవలేదు. తర్వాత నన్ను పక్కకి రమ్మని సైగ చేశాడు.

“ఒరే అబ్బాయ్, టర్బో సన్నగా ఏడుస్తోందిరా. నూనె అందట్లేదేమో. ఆ గొట్టం ఒకసారి విప్పు.”

“నాకేం వినపళ్లేదు బాబాయ్.”

“ఇదిగో, ఇది పెట్టి విను.”

స్క్రూడ్రైవర్ తీసుకుని చెవికి నొక్కుకున్నాను. వినిపించింది. దోమ రొదలా, సన్నగా, స్పష్టంగా. గొట్టం విప్పితే పేస్టు కనపడుతుంది, ఆయన ఏమీ అనడు, నా వైపు ఒక్కసారి చూస్తాడు, అంతే. ఆ ఒక్క చూపు పడలేననుకున్నాను.

“ఏం లేదు బాబాయ్. నీ చెవులు పోతున్నాయి. ఏడాది నుంచి చూస్తన్నా. చెబితే బాధపడతావని ఊరుకున్నా.”

“ఏడాది నుంచా?”

“ఆఁ.”

ఆ ‘ఏడాది’ ఎక్కడి నుంచి ఊడిపడింది? దాని అవసరం కూడా లేదు. ఒక్క రోజు సంగతి చెబితే ఆయన వాదించేవాడు. ఏడాది అనేసరికి, తను ఆ ఏడాదంతా విన్న ఇంజన్లన్నీ కళ్ల ముందు తిరిగి ఉంటాయి. నేర్చుకున్న విద్య ఊరికే పోదు. ఎక్కడ తడితే ఏది విరుగుతుందో నాకు తెలుసు. ఆయన స్క్రూడ్రైవర్‌ని చొక్కాకి తుడిచాడు. జనం వైపు తిరిగి, ‘సరే’ అన్నాడు.

వేగం చూద్దామని ప్రసాద్ గారు పామర్రు దారి కాదని హైవే ఎక్కించారు. గన్నవరం దాటాక, హనుమాన్ జంక్షన్ ఇంకా రాకముందే టర్బో బిగుసుకుపోయి పగిలింది. ముక్కలు ఇంజన్లోకి వెళ్లాయి. పక్క సీట్లో నేనున్నాను. మనుషులెవరికీ ఏమీ కాలేదు గానీ ఎనిమిది నెలల పని తెల్లటి పొగై పోయింది. కారుని లాక్కుని షెడ్డుకి తెచ్చేసరికి మేస్త్రీ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

“మీరు విని సరే అన్నారనే గదండీ రత్నం గారూ తీసుకెళ్లాను!” అన్నారు ప్రసాద్ గారు.

మేస్త్రీ చేతులు కట్టుకుని, తప్పు తనదేనన్నాడు. తన చెవులు పోయాయన్నాడు. ఇరవైమంది ముందు. ఆ పక్కనే వంగి నేను నూనె గొట్టం విప్పుతున్నాను. బియ్యపుగింజంత నల్ల పేస్టు ముక్క నా గోటికి తగిలింది. దాన్ని ప్యాంటుకి తుడిచేశాను.

అక్కడితో ఆగి ఉంటే మనిషినేమో. ఆయన గనక మళ్లీ తన చెవుల్ని నమ్మితే, ఆ రోజు విన్న చప్పుడు గుర్తొస్తుందని భయమేసింది. చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. వయసుకి తగ్గట్టు వినికిడి బాగానే ఉంది, చెవి మిషను అక్కర్లేదని డాక్టరు ఇంగ్లీషులో నాకు చెప్పారు. మేస్త్రీకి తెలుగు బైబిలు చదవడమే వచ్చు. ఆ మాటని తెలుగులో ఆయనకి అందించింది నేను. మిషను పెట్టుకోమన్నారని చెప్పి, కొనిచ్చాను. గురుభక్తి అంటే వీడిదేరా అని ఆటోనగరంతా మెచ్చుకుంది. ఆ మెప్పుని కూడా కాదనలేదు.

మిషను పెట్టుకుంటే ఆయనకి ప్రతి చప్పుడూ పెద్దదైపోయింది. మంచి ఇంజనూ ఏడ్చింది, చెడ్డ ఇంజనూ ఏడ్చింది. మూడో రోజు స్క్రూడ్రైవర్‌ని నా బల్ల మీద పెట్టి బస్సెక్కాడు. మళ్లీ రాలేదు. ఎర్ర కారుని నేనొక్కడినే తిరిగి కట్టాను. ఇప్పటికీ దూసుకుపోతుంది. ‘సరే’ అనేది ఇప్పుడు నేను. “మేస్త్రీ లేడా?” అని అడిగితే నన్నే అడుగుతున్నట్టు. బాగుందా అంటారా? బాగానే ఉంది. మీ దగ్గర దాచను.

మొన్న ఆషాఢంలో కొండపల్లి వెళ్లాను. ఏడాదికోసారి వెళ్తుంటాను, పళ్లు పట్టుకుని. కుక్కరు విజిల్ వేసినా, వేసిందా లేదా అని అడుగుతాడయ్యా అని ఆయన భార్య మరియమ్మ గారు చెప్పి నవ్వారు. మేం మాట్లాడుకుంటుండగా వాన అందుకుంది. రేకుల ఇల్లు. పైన డప్పులు కొట్టినట్టుంది. మేస్త్రీ తల ఎత్తి, నా వైపు తిరిగాడు.

“వాన పడతందా అబ్బాయ్?”

“పడతంది బాబాయ్.”

“నాకూ అట్టాగే అనిపించిందిరా. నువ్వు చెప్పావు గాబట్టి నమ్ముతన్నా.”

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈ వయసులో నిజం తెలిస్తే ఆయన తట్టుకోలేడని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అదీ అబద్ధమే. తట్టుకోలేనిది నేను. నిజం బయటపడితే రేపు నా షెడ్డు గేటు దగ్గర ఎవరూ ఆగరు, అంతకన్నా పెద్ద కారణం లేదు. అరటిపళ్లు అక్కడ పెట్టి వానలోనే బయలుదేరాను.

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. ఆయన వినాల్సిన మాట మీకు చెబుతున్నాను, అదీ పేరు లేకుండా. అయినా పదకొండేళ్లలో ఈ మాట బయటికి రావడం ఇదే మొదటిసారి కాబట్టి చేతులు కాస్త తేలికయ్యాయి. బాబాయ్, ఆ రోజు టర్బో ఏడ్చింది. నువ్వు విన్నావు. నేనూ విన్నాను.