మిత్రదేశాల పాఠం, మా వాకిట్లో పిలుపు

దోస్తు దేశాన్ని కాపాడటానికి ఏ దేశమైనా తన పట్నం బూడిద కావడానికి ఒప్పుకుంటుందా? డిగ్రీలో ఈ ప్రశ్న నాకు అంటించిన రాజనీతిశాస్త్రం సారు మొన్న జగిత్యాలలో పోయారు. కోరుట్లలో ఉంటున్న ఆయన బిడ్డ ఫోన్ చేసి, “నాయిన పోయిండక్కా” అని చెప్పింది.

అప్పట్లో సారు సిరిసిల్లలో మా వాడలోనే కిరాయికి ఉండేవారు. బట్టలు నేసే సాంచాలు ఆగిపోయి మగవాళ్లు చాలామంది పని కోసం మహారాష్ట్రలోని భీవండి బాట పట్టిన రోజులవి. మా నాయనా వలస వెళ్లాడు. తాగొచ్చి తలుపులు కొట్టేవాళ్లు ఒకరిద్దరున్న వాడ. నా కాలేజీ మాన్పించి మనమూ పోదామని అమ్మ రోజూ అనేది. అది తెలిసినప్పటి నుంచి సారు కాలేజీ నుంచి వస్తూ మా వాకిట్లో సైకిలాపి, వాడంతా వినబడేటట్టు “బిడ్డా, ఉన్నరా?” అని పిలిచేవారు. లోపలికి మాత్రం ఏనాడూ రాలేదు.

ఒకనాడు అమ్మ బీడీలు చుట్టుకుంటూనే అడిగేసింది.

“సారూ, మీ బిడ్డకు, నా బిడ్డకు ఒక్కపారే ఆపదొస్తే ఎవలి దిక్కు ఉరుకుతరు?”

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. సారు సైకిల్ హ్యాండిల్ మీంచి చెయ్యి తీయకుండానే చెప్పారు.

“నా బిడ్డ దిక్కే చెల్లె. అబద్ధమెందుకాడాలె?”

“మరి గీ పిలుసుడెందుకు?”

“గా ముచ్చట నీకు, నాకు ఎర్కైతే సాలు. తలుపు కొట్టెటోనికి ఎర్క కావద్దు.”

అమ్మ పడీపడీ నవ్వింది. “అయితే జర గొంతు పెంచుండ్రి. గీ గొంతుకు పిల్లి గూడ బెదరదు.”

మర్నాడు క్లాసులో అదే పాఠం. యుద్ధకాలంలో బ్రిటన్, అమెరికా కలిసి అణుబాంబు పని చేశాయి. యుద్ధం ముగిశాక అమెరికా చట్టం చేసి ఆ విద్యకు తలుపేసుకుంది. బ్రిటన్ తన బాంబు తాను చేసుకున్నాకే అమెరికా మళ్లీ ఒప్పందం రాసుకొని ఆ తలుపు తెరిచింది. మీ మీదికి ఎవరొచ్చినా నా బాంబుతో కాపాడతానన్న అమెరికా మాట మీద అనుమానం తీరని ఫ్రాన్స్ సొంతంగా బాంబు చేసుకుంది. పశ్చిమ జర్మనీ ఆ మాట మీదే బతికింది. “ఆపదొచ్చిననాడు నిలబడ్తడో లేదో మాటిచ్చినోనికి గూడ తెల్వదు” అన్నారు సారు. తెలియదని అంత నిమ్మళంగా ఒప్పుకున్న మనిషిని యూనివర్సిటీలో కూడా నేను చూడలేదు.

నాయన తిరిగొచ్చేదాకా ఎవరూ మా తలుపు కొట్టలేదు. నా డిగ్రీ పూర్తయింది. ఆ పిలుపు విని జంకారా, అసలు మా ఇంటి జోలికి రావాలని ఎవరూ అనుకోనేలేదా? అమ్మ మాత్రం ఆ సాయంత్రాలు తలుపు బార్లా తీసిపెట్టి, గడప మీది వెలుతురులో తునికాకు కత్తిరించుకునేది. మమ్మల్ని కాపాడింది సారు మాటో, మా అదృష్టమో, నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.