పురుగుమందుకు ఎవరెంత పెడతారంటే

ఈ రోజు పొద్దున నందికొట్కూరు హోటల్లో పేపరు చదివి తెలివి పెంచుకున్నాను. పురుగుమందుకు అమెరికా రైతు డబ్బు కుమ్మరిస్తాడట, జపాను రైతూ తగ్గడట, మన రైతు మాత్రం పైసా కూడా తీయడట. తిరిగొస్తుంటే పక్క చేను మద్దిలేటి, ఎర్ర గొంగళిపురుగులు రాకుండా తన వేరుశెనగ చుట్టూ కాలువ తవ్వుతున్నాడు. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఏమప్పా, అమెరికాలో విమానంతో మందు చల్లుతాండారు. నువ్వింకా పారతోనే ఉండావా?"

"ఆ విమానమేదో నువ్వే పిలిపించుకోప్పా. నా కాలువ దాటలేక పురుగులన్నీ నీ చేన్లోకే పోతాండాయి."

తిరిగి చూశాను. గట్టు పక్క నాలుగు సాళ్లకు ఆకు లేదు. నేను ప్రపంచం సంగతులు చెబుతున్నంతసేపూ అవి నా వెనకే భోంచేస్తున్నాయి. సాయంత్రందాకా నేనూ తవ్వాను, మద్దిలేటి ఇచ్చిన పారతోనే. మీలో ఎవరైనా ఇంతకంటే ఖరీదైన ఉపన్యాసం ఇచ్చారా?